పాయింటు కింద కంకర

కళ్ళ డాక్టరు దగ్గరికి నెలకోసారి మలక్‌పేట వెళ్ళడం ఈమధ్య నాకు తప్పని పని అయిపోయింది. తుర్కయంజాల్ నుంచి బస్సులో ఎల్బీనగర్ దాకా వచ్చి, అక్కడ మెట్రో ఎక్కుతాను. మొన్న బండి రావడం కాస్త ఆలస్యమైతే, నిలబడ్డ చోటల్లా ఫోను చూసుకునే అలవాటు ఇంకా పట్టుబడని మన తరం మనిషిని గనుక, ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి పట్టాలకేసి చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్ళుగా ఎక్కి దిగుతున్నా ఎన్నడూ గమనించని సంగతి అప్పుడు కంటపడింది. ఆ పట్టాల కింద కంకర లేదు. నున్నటి సిమెంటు మీద పట్టాలు బిగించేశారు. ఒక లైను రెండుగా చీలే చోట, మనం పాయింటు అంటామే, అక్కడ కూడా అంతే. నా చూపు మందగించి కనబడటం లేదేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఒక్క రాయి లేదు. మా నాన్నగారు గనక ఇది చూసి ఉంటే, స్టేషన్ అధికారి ఎవరో కనుక్కుని, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, సాయంత్రం దాకా లేచేవారు కాదు.

నాన్నగారు కోస్తా జిల్లాల్లో పట్టాల బాగోగులు చూసే రైల్వే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక మా ఉద్యోగాల కోసం సైదాబాదులో ఇల్లు అద్దెకు తీసుకుని మాతో వచ్చేశారు. లోకంలో ఆయనకు తెలిసిన నమ్మకమైన వస్తువు ఒక్కటే, అది కంకర. ఎవరి పెళ్ళికి వెళ్ళినా భోజనాల వరసలో పక్కవాడికి కంకర గురించి చెప్పేవారు. బండి నడిచేది ఇంజను బలం మీద కాదనీ, పట్టాలకు అడ్డంగా వేసే చెక్కల కింద దట్టించిన రాళ్ళ బలం మీదేననీ ఆయన వాదన. అవతలివాడు పప్పు కలుపుకుంటూ తల ఊపుతుంటే, వాడికి విషయం బాగా అర్థమైందని ఆయన సంతోషించేవారు.

అలాంటి మనిషి మా అక్క విషయంలో మాత్రం మాటలు మానేశారు. అక్క తన ఆఫీసులోనే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే, తుర్కయంజాల్ దగ్గరి పల్లెకు చెందిన అబ్బాయిని ఇష్టపడి రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. నాన్నగారు అరవలేదు, తిట్టలేదు, ఇంట్లోంచి పొమ్మనలేదు. ఊరికే ఆ ఊసు ఎత్తడం మానేశారు. అక్కావాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టారు. మా ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరం. అయినా నాన్నగారు ఆ వీధి తగలకుండా చుట్టూ తిరిగి బజారుకు వెళ్ళేవారు. మా బావను ఎప్పుడైనా తప్పనిసరిగా ప్రస్తావించవలసి వస్తే ‘ఆ అబ్బాయి’ అనేవారు. అమ్మ మాత్రం కూరగాయల వంకతో వెళ్ళి, వచ్చేటప్పుడు అక్క చేసిన గోంగూర పచ్చడి గిన్నె తెచ్చి వడ్డించేది. నాన్నగారు ఎక్కడిదని అడగకుండా మారు వడ్డించుకునేవారు. అక్క కోరిక ఎంతో పెద్దదేమీ కాదు. నాన్న ఒక్కసారి తన గడప తొక్కి, తన ముందుగదిలో కూర్చుని, తన చేతి టీ తాగాలి. అంతే. అది జరగని ప్రతి పండక్కీ అక్క ముఖం కొంచెం వాడిపోవడం నేను చూస్తూ ఉండేవాణ్ణి.

నేనప్పుడే ఉద్యోగంలో చేరిన కొత్త. సాయంత్రమైతే చాలు, అక్కావాళ్ళింట్లో వాలేవాణ్ణి. అక్క పెట్టే ఉప్మాకని అందరూ అనుకునేవారు గానీ, నన్ను లాగినది మా బావ రైలు. గల్ఫులో పనిచేసే స్నేహితుడొకడు సెలవుల్లో వస్తూ బావకు ఓ బొమ్మ రైలు పెట్టె తెచ్చి ఇచ్చాడు. వేలెడంత ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. వేరే ఎవరైనా అయితే పిల్లలకిచ్చి ఊరుకునేవాళ్ళు. బావకు అప్పటికింకా పిల్లలు లేరు, ఓపిక మాత్రం చాలా ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతికి వెతికి ఇంకొన్ని పట్టాలూ, నాలుగు పాయింట్లూ సంపాదించి, పాత తలుపు చెక్క ఒకటి ముందుగదిలో బల్లగా వేసి, దానిమీద మెయిన్ లైనూ, పక్క లైనూ, చిన్న హాల్టు స్టేషనూ కట్టాడు. వచ్చినవాళ్ళకి కూర్చోవడానికి చోటు లేదని అక్క విసుక్కునేది. రావలసిన మనిషి ఎలాగూ రావడం లేదని ఆ వెంటనే తనే అనేది.

పట్టాలు వేశాక కంకర పరచడం మొదలుపెట్టాడు. ఆ పని చూస్తే ముచ్చటేసేది. వాళ్ళ ఊరి పక్క క్రషరు నుంచి రాతిపొడి సంచిలో తెచ్చి, అక్క రవ్వ జల్లెడతో జల్లించి, మరీ మెత్తటిదీ మరీ ముతకదీ పారబోసి, మిగిలినదాన్ని కడిగి మేడమీద వడియాల్లా ఎండబెట్టేవాడు. మడతపెట్టిన కాగితంలోంచి ఆ రవ్వను పట్టాల మధ్య సన్నగా జారవిడిచి, మెత్తటి కుంచెతో చెక్కల మీద ఒక్క గింజ మిగలకుండా సర్దేవాడు. ఒకరోజు అక్క చూస్తూ చూస్తూ ఉండలేక, కుంచె పక్కన పెట్టించి, ముగ్గు పెట్టినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి వదిలింది. మూలమలుపు దగ్గర గీత గీసినట్టు పడింది. ఆ తరవాత వంపులన్నీ అక్కవే. అంతా సర్దాక ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్ళు చిలకరించి తడిపి, వడ్రంగులు వాడే తెల్ల జిగురు నీళ్ళలో పలచగా కలిపి, సిరా పోసుకునే ఫిల్లరుతో చుక్క చుక్కగా వదిలేవాడు. మర్నాటికి అదంతా అసలు రైలు కట్టలాగే గట్టిపడేది. పాయింట్ల దగ్గర మాత్రం చుట్టూ ఖాళీ వదిలేశాడు. పక్కకి జరిగే ఆ సన్నటి పట్టా మొనలు చూపించి, “గీడ జర జిగురు తగిలిందనుకో, పాయింటు మొత్తం పట్టేస్తది బామ్మర్ది” అన్నాడు.

నేను నోరు కట్టుకుని ఉండే మనిషిని కాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మతో చెబుతున్నట్టుగా బావ కంకర సంగతంతా చెప్పాను. నాన్నగారు విననట్టే తింటున్నారు. పాయింట్ల దగ్గర రాయి వెయ్యకుండా బోసిగా వదిలేశాడని అనేసరికి మాత్రం చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “పాయింటు దగ్గరే కదరా బండి అదిరేది! అక్కడ కంకర లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది? గట్టిగా దట్టించమను. ఒక్క చెక్క కూడా బోసిగా కనపడకూడదని చెప్పు ఆ అబ్బాయికి” అన్నారు. అని, ఏదో పొరపాటు జరిగిపోయినట్టు గబగబా మజ్జిగ పోసుకున్నారు. అమ్మ నాకేసి చూసింది. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఇంటికి ఈ ఇంటినుంచి వెళ్ళిన మొదటి మాట అది.

మర్నాడు నేను చెప్పగానే అక్క చేతిలో గరిట పట్టుకునే బయటికొచ్చి, నాన్నే చెప్పారా, పేరు పెట్టి చెప్పారా, ఏ గొంతుతో చెప్పారు అని గుచ్చి గుచ్చి అడిగింది. బావ కాసేపు బల్లకేసి చూసి, రవ్వ సంచి ముందుకు లాక్కుని, నాలుగు పాయింట్ల కిందా దట్టించడం మొదలుపెట్టాడు. పట్టేస్తుందన్నావు కదా బావా అన్నాను. వినిపించుకోలేదు. పైన జిగురు చుక్కలు కూడా ఏమాత్రం తగ్గించకుండా వదిలాడు. అసలు లైనులో రాళ్ళకు జిగురు ఉండదన్న మాట నాన్నగారికి తట్టలేదు, చెప్పడానికి నాకూ తట్టలేదు.

తెల్లవారేసరికి నాలుగు పాయింట్లూ రాయిలా బిగుసుకుపోయాయి. రైలు మెయిన్ లైను మీద గిరగిరా తిరుగుతోంది గానీ, హాల్టులోకి తిరగమంటే తిరగదు. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు నాన్నగారు పేపరు మడిచారు, విప్పారు, మళ్ళీ మడిచారు. నాలుగూనా అని అడిగారు. నాలుగూ అన్నాను. ఆ సాయంత్రం ఉతికిన లాల్చీ వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి “పద” అన్నారు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు. చుట్టూ తిరగకుండా తిన్నగా నడిచారు.

తలుపు తీసిన అక్క లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయింది. ఆయనే వచ్చారు. అక్కకేసి చూడలేదు, చూడగలిగి ఉండరు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని వంగి, గోటితో పాయింటు మొన కదిపి చూశారు. తల ఎత్తకుండానే, “సన్నటి సూది ఏమైనా ఉందా అల్లుడుగారూ?” అన్నారు. బావ ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు, ఆ గదిలోకి ఇంకెవరైనా వచ్చారేమోనని. వంటింట్లో కొళాయి విప్పిన చప్పుడు వినిపించింది. అక్క దాన్ని చాలాసేపటిదాకా కట్టలేదు.

ఆ తరవాత ప్రతి ఆదివారమూ నాన్నగారి మజిలీ దిల్‌సుఖ్‌నగరే. వేడినీళ్ళు చుక్కలుగా వేసి జిగురు నానబెట్టడం, సూదితో ఒక్కో గింజ తీసి సాసరులో వెయ్యడం, మధ్యలో అక్క టీ, దానికో వంక పెట్టి రెండోసారి తాగడం. మామా అల్లుళ్ళు మాట్లాడుకున్నది తక్కువే. ఒకరిది కోస్తా యాస, ఒకరిది ఇక్కడి యాస, సగం మాటలు అక్క మధ్యలో అందించవలసి వచ్చేది. మొదటి పాయింటు టక్కున కదిలి రైలు హాల్టులోకి వచ్చిన రోజు నాన్నగారు తన సర్వీసులో ఏ మెయిలు బండికీ పడనంత సంబరపడ్డారు. రెండోదీ వచ్చింది, మూడోదీ వచ్చింది. నాలుగోది మాత్రం రాలేదు. నిజానికి దానికి పట్టే పని ఒక పూటది. కానీ నాన్నగారు ప్రతిసారీ రెండు గింజలు తీసి, సూది పక్కన పెట్టి, “వచ్చే ఆదివారం చూద్దాం” అనేవారు. బావ సరేననేవాడు. మేనకోడలు పుట్టింది, నడిచింది, బడికి వెళ్ళింది, ఆ పాయింటు మాత్రం అలాగే ఉంది. నాన్నగారు పోయేదాకా అలాగే ఉంది.

పట్టేస్తుందని తెలిసి తెలిసి ఎందుకు దట్టించావని ఒకసారి బావను అడిగాను. నవ్వి, “మామ నాకు జెప్పిన మొదటి మాట అది. కాదంటె ఎట్ల?” అన్నాడు.

అక్కావాళ్ళు చైతన్యపురిలో ఫ్లాటు కొనుక్కుని మారినప్పుడు ఆ బల్ల లిఫ్టులో పట్టలేదు. బావ దాన్ని రంపంతో కోసి, నాలుగో పాయింటున్న ముక్క నా చేతిలో పెట్టాడు. దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద దాచాను. తరవాత అక్క కూడా పోయింది. అక్క లేని ఇంటికి నేనేమని వెళ్ళను? తద్దినానికి వెళ్ళేవాణ్ణి, తిని వచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో బావా నేనూ ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నా అనుకునేవాళ్ళం, దాంతో మాటలు అయిపోయేవి. మెట్రోలో మలక్‌పేట వెళుతూ చైతన్యపురి స్టేషను వచ్చినప్పుడల్లా, తలుపులు తెరుచుకుని మూసుకునేదాకా కిటికీకేసి తిరిగి కూర్చునేవాణ్ణి. దిగడానికి నా దగ్గర పని లేదు మరి. హాస్టలు పిల్లలు బ్యాగులతో తోసుకుంటూ ఎక్కుతారు, బండి కదిలిపోతుంది, నాలో ఏదో వెనక ఉండిపోయినట్టుంటుంది.

కంకర లేని పట్టాలు చూసి వచ్చిన రోజు అటక ఎక్కాను. ఈ వయసులో ఆ సాహసమేమిటని మా ఆవిడ కేకలేస్తున్నా వినకుండా ఆ ముక్క దించి, దుమ్ము దులిపాను. మొన్న ఆదివారం దాన్ని సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కి, చైతన్యపురిలో దిగాను. మేనకోడలు తలుపు తీసి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా మామయ్యా అని కంగారుపడింది. ఊరికే రావడమనేది ఆ స్థితికి వచ్చింది! బావ బాగా చిక్కిపోయాడు. గుడ్డ విప్పి ముక్క ముందుపెడితే, అక్క వేళ్ళ మధ్యనుంచి జారిన ఆ కంకర వంపును చాలాసేపు నిమిరాడు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని, కూతురిచేత సూదీ వేడినీళ్ళూ తెప్పించుకుని, ఒక గింజ తీశాడు. ఇంకొకటి తీశాడు. కాస్త ఆగి, సూది సాసరులో పెట్టేశాడు.

“ఇయ్యాల్టికి చాలు బామ్మర్ది. మిగిలింది ఒచ్చే ఐతారం చూద్దాం” అన్నాడు.

ఆ ముక్క అక్కడే వదిలి వచ్చాను. తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్‌లో దిగి, మళ్ళీ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి ఆ సిమెంటు పట్టాలు చూశాను. మంచి పనే చేశారు, కాదనను. అక్కడ రాళ్ళు సర్దడానికి మనుషులు రోజూ రానక్కరలేదట. మన ఇళ్ళూ ఇంచుమించు అలాగే అయిపోయాయి, ఒకరి ఇంటికి ఒకరం వెళ్ళవలసిన పని మిగల్లేదు. నాకు మాత్రం వచ్చే ఆదివారం పని ఉంది. చూపు ఉన్నంతకాలం, ఆ పాయింటు కదలకుండా ఉంటే బాగుండును.