మామ కారు, అత్త చెంప

మా మామ కారు ఫ్లైఓవరు ఎక్కడం లేదు. ఆ వారమంతా మా ఇంట్లో ఇదే జాతీయ సమస్య.

మేము సముద్రం ఒడ్డున ఉండేవాళ్లం, మాకు కొండలు లేవు. వాకాడు నుంచి దొరవారిసత్రం వైపు పోవాలంటే దారిలో ఎక్కాల్సిందల్లా హైవే మీది ఒక్క ఫ్లైఓవరు. మామ పాత పెట్రోలు కారు లోడుతో సగం దాకా ఎక్కి, ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు నిలబడి ఆలోచించేది. మిగతా సగం ఫస్టు గేరులో మూలుగుతూ ఎక్కేది. వెనక లారీలవాళ్లు ఈలోపు మామ పూర్వీకులందరినీ తలుచుకునేవాళ్లు.

లోడంటే రొయ్య పిల్లలు. మామ భార్య, మా మేనత్త, ఆ పిల్లల్ని పుట్టించే హేచరీలో ప్యాకింగు పని చేస్తుంది. సంచిలో నీళ్లు, నీళ్లలో వెంట్రుకల్లాంటి పిల్లలు, పైన ఆక్సిజను నింపి రబ్బరు బ్యాండ్లు బిగించడం. వెనక సీట్లు పీకేసిన కారులో మామ ఆ సంచుల్ని రొయ్యల చెరువులకు చేరుస్తాడు. ఎండ ముదరకముందే చేరాలి. నీళ్లు వేడెక్కితే పిల్లలు చస్తాయి. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. హేచరీ ఓనరు మర్యాదస్తుడు కాబట్టి అరవలేదు. “సోమవారం దాకా చూస్తానన్నా. కుదరకపోతే మినీ ట్రక్కు మాట్లాడుకుంటా” అన్నాడు. మోకాళ్లు పాడై వేట మానేశాక మామకు మిగిలిన పని ఈ ఒక్క ట్రిప్పే.

“దీనికి పెట్రోలు పోసేదీ, సముద్రంలో పోసేదీ ఒకటేరా అల్లుడా. నువ్వు సదువుకున్నోడివి గదా, ఏందన్నా చెయ్” అన్నాడు నాతో.

నేను మెకానికల్ డిప్లొమా. సైలెన్సరు గురించి మా పుస్తకంలో ఒక పేజీ ఉండేది. అది పరీక్షకు రాదని సీనియర్లు చెప్పారు. నేను పెద్దల మాట విన్నాను. మిగతా విద్యంతా ఫోనులో వీడియోలు చూసి సంపాదించాను. వాటి సారాంశం ఇది: ఇంజను తన పొగ బయటికి తోయడానికే సగం బలం ఖర్చు పెడుతోంది, గొట్టం వెడల్పు చేస్తే పవరూ, మైలేజీ రెండూ పెరుగుతాయి. మామ కారు సైలెన్సరు ఎలాగూ ఉప్పుగాలికి తుప్పు పట్టి జల్లెడైపోయింది. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనుకున్నాను.

నాయుడుపేటలో వెల్డింగ్ షాపతను సైలెన్సరుకు బదులు పెట్టమని నేను చూపించిన లావుపాటి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఏందబ్బయా, కారుకేనా? బోరు ఏస్తా ఉండావా?”

“నువ్వు అతకన్నా, నేను చూసుకుంటా” అన్నాను. ఆ గొంతు వీడియోల్లోంచి అరువు తెచ్చుకున్నదే.

కారు స్టార్టు చేయగానే వీధిలో కోళ్లు గోడలెక్కాయి. మామ మొహం వెలిగిపోయింది. పడవ ఇంజన్ల మధ్య పెరిగిన మనిషి, ఆయన లెక్కలో చప్పుడే బలం. “అద్దీ! ఇప్పుడొచ్చింది దీనికి రోషం!” అని అరిచాడు. అరిచాడని పెదవులు చూసి తెలుసుకున్నాం.

శుక్రవారం పొద్దున లోడుతో బయల్దేరాం. ఫ్లైఓవరు వచ్చింది. అంతకుముందు కారు సగం దాకా ఎక్కేది. నేను చేసిన అభివృద్ధి తర్వాత పావు వంతుకే ఆగింది. ఒక్కటే మార్పు, మేము ఓడిపోయిన సంగతి ఇప్పుడు మూడు ఊళ్లకు వినిపించింది. పెట్రోలు ముల్లు కూడా ఎప్పటికంటే త్వరగానే కిందికి దిగింది. చెరువు చేరేసరికి ఎండెక్కింది. రెండు సంచుల్లో పిల్లలు అడుగుకు చేరి కదలడం మానేశాయి.

తిరుగు ప్రయాణంలో మామ తిట్టలేదు. “పోనీలేరా, నువ్వు మాత్రం ఏం జేస్తావు” అన్నాడంతే. తిట్టి ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. దీనికి నా దగ్గర జోకు లేదు.

మర్నాడు పొద్దున బానెట్ ఎత్తి మామకు పాఠం మొదలుపెట్టాను. పాఠం చెబుతుంటే తప్పు చేసినవాడిలా కనపడం, అదొక సౌకర్యం. “ఈ గొట్టంలో ఒక సెన్సారు ఉంటాది మామా. పొగలో ఆక్సిజను ఎంతుందో చూస్తా ఉంటాది. ఎక్కువ కనిపిస్తే పెట్రోలు చాల్లేదనుకొని ఇంకా పోయిస్తాది.”

క్యారేజీ పట్టుకొని డ్యూటీకి బయల్దేరిన అత్త ఆగింది.

“దీనిక్కూడా ఆక్సిజనా? మా రొయ్యపిల్లల మాదిరే ఉండాదే. మరి ఆ సెన్సారుకి ముందర లీకుంటే?”

“లీకుంటే పొగ బయటికి పోద్ది, అంతే గదత్తా.”

“పొయ్యేది సరే. బయట గాలి లోపలికి రాదా? వచ్చినాదంటే నీ సెన్సారు లెక్క తప్పదా?”

 నేను చూసిన ఏ వీడియోలోనూ ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు.

అత్త క్యారేజీ కింద పెట్టింది. “ఇంజను చల్లగా ఉండాది గదా, స్టార్ట్ చెయ్” అంది. గొట్టం కొసకు తడి గోనె అడ్డం పెట్టించి చప్పుడు తగ్గించింది. చెయ్యి తడుపుకొని, వంగి, ఇంజను పక్కన మెల్లగా జరుపుతూ వచ్చింది. తర్వాత చెంప దగ్గరికి తీసుకెళ్లింది. హేచరీలో రోజూ సంచుల్ని ఇలాగే చూస్తుంది. సంచి నొక్కుతుంది, చెంపకు గాలి తగిలితే పక్కన పడేస్తుంది.

“మేయ్, మొకం కాల్తాది!” అన్నాడు మామ.

“ఇంకా వేడెక్కలేదులే. నువ్వు కాసేపు నోరు మూసుకుంటే నాకు ఇనిపిస్తాది.” రెండు క్షణాల తర్వాత వేలు పెట్టి చూపించింది. “ఇదో, ఈడ. తుస్సు తుస్సుమంటా ఉండాది.”

ఇంజనుకు గొట్టం బిగించే చోటు అది. ఒక బోల్టు విరిగి ఉంది. పక్కన కాటుక దిద్దినట్టు నల్లటి మసి. నేను దాని వెనకాల ఉన్నదంతా కోసి, మార్చి, అతికించాను. దీన్ని మాత్రం చూడలేదు. అత్త చెంప పెట్టింది ఇంజనుకు, చెంపపెట్టు నాకు తగిలింది.

ఆ మధ్యాహ్నం అటక మీద నుంచి పుస్తకం దించి ఆ పేజీ చదివాను. గొట్టం మరీ వెడల్పైతే పొగ వేగం తగ్గుతుందట, నెమ్మదిగా పోయేటప్పుడు లాగే బలం పోతుందట. నాలుగేళ్లుగా అక్కడే ఉంది ఆ వాక్యం, నా కోసం.

గొట్టం మోసుకుంటూ మళ్లీ నాయుడుపేట పోయాను.

“నీళ్లు పడలేదా అబ్బయా?” అన్నాడు వెల్డింగతను.

ఆ మాట పడ్డాను, పడాల్సిందే. ఈసారి కంపెనీ ఇచ్చిన కొలతకే గొట్టం పెట్టించాను. ముక్కలు అతికిన మూలలు తీసేసి నున్నగా వంచిన మలుపులు వేయించాను. కొత్త సైలెన్సరు డబ్బా, ఇంజను దగ్గర సందు మూసే కొత్త ప్యాకింగు, కొత్త బోల్టు. ఆదివారం అత్త మళ్లీ చెంప పెట్టి, “ఈ సంచి పోనీయొచ్చు” అని పాస్ చేసింది.

సోమవారం తెల్లవారుతుండగా బయల్దేరాం. ఫ్లైఓవరు దగ్గర మామ రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు. నేను సీటును పట్టుకున్నాను, కారుకు అదొక సాయమన్నట్టు. కారు ఎక్కింది. మూడో గేరులో, ఒక లారీని దాటుకుంటూ ఎక్కింది. చెప్పుకోవడానికి పెద్ద విషయం కాదు, రోజూ ఎన్ని కార్లు ఎక్కడం లేదు?

“చప్పుడే లేదేందిరా? ఇంజను పంజేస్తా ఉండాదా?” అని మామ కంగారు పడ్డాడు.

“పంజేస్తా ఉండబట్టే లేదు మామా.”

పెట్రోలు ముల్లు దిగకుండా ఓపిక పట్టింది. చెరువు గట్టు మీదికి వచ్చేసరికి ఎండ ఇంకా పసుపుగానే ఉంది. రైతు ఒక సంచి విప్పి పిల్లల్ని తెల్ల బేసినులో పోశాడు. చేత్తో నీళ్లను గిర్రున తిప్పి వదిలాడు. పిల్లలు బాగుంటే సుడికి ఎదురీదుతాయి. బాగాలేకపోతే కొట్టుకుపోయి మధ్యలో పోగవుతాయి. ముగ్గురం వంగి చూశాం. కంటికి ఆనీ ఆనని ఆ పిల్లలన్నీ ఒక్కసారిగా తలలు తిప్పి నీటికి ఎదురు నిలబడ్డాయి.

రైతు ఓనరుకు ఫోన్ చేశాడు. “సరుకు హుషారుగా ఉండాదన్నా. ఎల్లుండి రెండో చెరువుకు కూడా ఈ అన్ననే పంపించు.” అవతల ఓనరు, “అట్టనే, ట్రక్కు వద్దులే” అనడం మాకూ వినిపించింది.

మామ ఆ మాట విన్నాడో లేదో తెలియదు. బేసిను మీద నుంచి తల ఎత్తలేదు.

“ఇంకోతూరి తిప్పన్నా” అన్నాడు.

రైతు నవ్వి మళ్లీ తిప్పాడు.