అక్క తూచిన కిలో

మా అక్కతో కూరగాయల కొట్టుకు వెళ్లడం కంటే ఇంట్లో పస్తుండడం నయం. కొట్టువాడి వేలు కాటా దాకా రాకముందే "తియ్యి వేలు" అంటుంది. తూనికల ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్ల ఉద్యోగం మరి. అక్కడ ఆవిడను కాటమ్మ అంటారు. కోపం రాదు సరికదా, ఆ పేరుకు మురిసిపోతుంది.

దేశాలన్నీ కలిసి నడిపే తూనికల సంస్థ ఒకటుంది. అందులో మా దేశం ఏళ్ల తరబడి వెనక వరుసలో కూర్చుని వినేది, ఓటు లేదు. పూర్తి సభ్యత్వం కావాలంటే పరీక్ష నెగ్గాలి. సంస్థవాళ్లు ఒక కిలో గుండును పెట్టెలో పెట్టి పదకొండు దేశాలకు వరసగా పంపుతారు. ప్రతి దేశమూ దాన్ని తూచి, వచ్చిన అంకెను మూసిన కవరులో పంపాలి. ఒకరి అంకె ఇంకొకరికి తెలియకూడదు. కవర్లన్నీ చివర్లో ఒకేసారి విప్పుతారు. మా వంతు ఆరోది.

గుండు వచ్చాక అక్క ఇంట్లో ఉన్నా లేనట్టే. దాన్ని ఒక రోజంతా గదిలో ఊరికే ఉంచాలట, ఆ చల్లదనానికి అలవాటు పడాలి. తర్వాత చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ, పట్టకారు. తూచేటప్పుడు దగ్గర మనిషి ఉండకూడదు, ఒంటి వేడికే అంకె కదులుతుంది. పక్కగదిలోంచి చూసి రాసుకోవాలి.

ఐదో రోజు డైరెక్టరుగారు పిలిచారు. మాకంటే ముందు తూచింది పొరుగుదేశం. అక్కడి పాత స్నేహితుడు ఫోనులో ఆయన దగ్గర నోరు జారాడు. వాళ్ల అంకె కంటే అక్క అంకె ఒక ఉప్పు రవ్వంత తక్కువ. ఆ గదుల్లో ఉప్పు రవ్వంటే కొండంత.

"వాళ్లు ముప్పై ఏళ్లుగా సభ్యులమ్మా. తప్పు మనదే అయ్యుంటుంది. కాస్త వాళ్ల వైపు జరపండి."

"జరపడానికి ఇదేమన్నా కుర్చీయా సార్? మళ్లీ తూస్తాను. ఎంతొస్తే అంతే రాస్తాను."

నాలుగు రోజులు మళ్లీ తూచింది. అదే అంకె. గుండును భూతద్దం కింద తిప్పి తిప్పి చూసింది, చిన్న గీత కూడా కనబడలేదు. అయినా అదే అంకె రాసి, సంతకం చేసి, కవరు మూసేసింది.

"మనం ఓడితే ఆ కాటా దగ్గర మీరుండరు," అన్నారాయన.

ఆ సాయంత్రం నేనూ ఆయనకు వంత పాడాను. నాది దర్జీ పని. "అరంగుళం తేడా వస్తే నేను కుట్టు విప్పి సర్దనా? నువ్వూ సర్దెయ్యాల్సింది."

"నువ్వు సర్దేది గుడ్డనే, టేపును కాదుగా," అంది.

నేను మెడలోని టేపు తీసి పక్కన పెట్టేశాను.

మిగతా దేశాలు తిరగడానికి ఏడు నెలలు పట్టింది. అక్క నిబ్బరంగా పనికి వెళ్లొచ్చేది. భయమంతా నాదే. కాటా లేని అక్కను నేను ఊహించుకోలేను.

కవర్లు విప్పిన రోజు డైరెక్టరుగారు ఆ సభలోంచే ఫోను చేశారు. అక్క స్పీకరు నొక్కింది, నేను మిషను ఆపేశాను.

"తెర మీద పదకొండు చుక్కలు పెట్టారమ్మా. మొదటి ఐదూ ఒకే గీత మీద ఉన్నాయి. మనది కిందికి దిగిపోయింది."

నేను లేచి ఫోను దగ్గరికి వచ్చాను.

"మన తర్వాత తూచిన ఐదు దేశాలూ మన పక్కనే, అదే కింది గీత మీద ఉన్నాయి. పెట్టెలో కుదుపులు రాసుకునే పరికరం ఉందట, దాన్నీ చదివారు. గుండు మన దగ్గరికి వచ్చే దారిలోనే దెబ్బ తిని, కంటికి కనబడనంత అరిగిందట. నా మాట విని మీరు అంకె జరిపి ఉంటే, మనం తూచలేదని, పక్కవాళ్లది చూసి రాశామని ఇంతమంది ముందు తేలిపోయేది. సభ్యత్వం ఇచ్చేశారమ్మా. ఇంకో పది నిమిషాల్లో మన దేశం తరఫున మొదటి ఓటు వెయ్యబోతున్నాను."

అక్క కళ్లు తుడుచుకుంది. ఆవిడ చెల్లెల్నైనందుకు నాకు ఒళ్లంతా గర్వంగా ఉంది.

"వెయ్యండి సార్," అంది అక్క. "పక్కవాళ్లు ఎటు వేశారో మాత్రం చూడకండి."