స్టేషన్‌కి వెనకవైపు

కువైట్‌లోని అహ్మదిలో మా కంపెనీ బస్సు ఎక్కితే ఇంజనీర్లు ముందు సీట్లలో, మేం వెల్డర్లం వెనక సీట్లలో కూర్చుంటాం. ఎవరో పెట్టిన రూలు కాదు, అలా అలవాటైపోయింది. ఒకరోజు ముందు ఖాళీ లేక జపాన్ ఇంజనీరు ఒకాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

కువైట్‌లో రైలే లేదని మాటల్లో వస్తే, దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద వేలితో వాళ్ల ఊరి స్టేషన్ గీశాడు.

"పాతరోజుల్లో పట్టాలు నేలమీద ఉండేవి. ముందువైపు బజారు, బ్యాంకులు. మా ఇల్లు వెనకవైపు. వెనకవైపు వాళ్లంటే అందరికీ చిన్నచూపు," అన్నాడు ఇంగ్లీషులో.

నిజామాబాద్‌లో మా ఇల్లు రైల్వే గేటు అవతల. నాకు వేరే చెప్పాలా!

"మరి ఇప్పుడు?" అన్నాను.

"పట్టాలను వంతెన మీదికి ఎక్కించారు. కిందనుంచి ఎటైనా నడిచి వెళ్లొచ్చు. స్టేషన్ బోర్డుల మీద ఇప్పుడు ఉత్తర ద్వారం, దక్షిణ ద్వారం అనే ఉంటుంది. మా అమ్మ మాత్రం కూరగాయలకు వెళ్తూ ఇంకా 'ముందువైపుకి వెళ్లొస్తా' అంటుంది."

మర్నాడు నేను బస్సెక్కి ముందు సీట్లో, ఆయన పక్కన కూర్చున్నాను. వెనకనుంచి మా జగిత్యాల మల్లేశం అరిచాడు.

"అన్నా, గాడ కూసున్నవేంది?"

"నడుమ పట్టాలేమన్న అడ్డమున్నయా తమ్మీ?" అన్నాను.