శుక్రవారం గేము, అక్క కండ్లు

ప్రతి శుక్రవారం నేను ఒక వీడియో గేము గురించి తెలుగుల చెప్పి, రికార్డు చేసి నెట్ల పెడ్త. పెద్ద కంపెనీలు వందలమందిని పెట్టి తీసినయి కావు. ఎక్కడో ఒక్క మనిషో, ఇద్దరు దోస్తులో కూసోని ఏండ్లకేండ్లు కష్టపడి చేసిన చిన్న గేములు. వాటి గురించి ఇంగ్లీషుల చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. మన మాటల చెప్పేటోళ్లు నాకు దొరకలే, అందుకే నేనే మొదలువెట్టిన. మొయినాబాద్‌ల కిరాయి ఇంట్ల ఉండి, ఒక కంపెనీకి కస్టమర్ల ఫిర్యాదులు చూసుడు నా పని. పొద్దంత ఎవరో ఒకరు తిడుతనే ఉంటరు. వారానికి ఒక్కసారన్న “ఇది బాగున్నది, ఆడుండ్రి” అని ఒక మంచిమాట చెప్తే పానం జర నిమ్మళమయ్యేది.

నేను ఏ గేము చెప్పాల్నన్నా ముందుగాల మా అక్క ఆడాలె. అక్కను చేవెళ్లకు ఇచ్చిండ్రు. అక్కడ ఒక ప్రైవేటు బడిల మూడో తరగతి పిల్లలకు చెప్పేది. బావ బోరు మోటార్లు బాగుచేస్తడు. పెండ్లైన ఆడిది గేములాడుడేందని వాళ్ల దిక్కు చుట్టాలు నవ్వితే, “సీరియళ్లు చూస్తె లేని తప్పు గేమాడితె వచ్చిందా?” అని బావే అడ్డం మాట్లాడెటోడు. ఆదివారం చర్చి అయినంక నేను బస్సెక్కి చేవెళ్ల పోయేది. అక్క కూర అడుగంటుతున్నా పట్టించుకోకుండ, ఆ వారం గేము ఎట్లున్నదో చెప్పేది. “ఇది చేసినోడు ఎన్నడన్న ఏడ్చిండు ర. ఏడ్వనోడు గిట్ల చెయ్యలేడు” అన్నదొకసారి. ఆ మాటనే శుక్రవారం నేను నా మాట లెక్క చెప్పిన. అది వినే మస్తుమంది ఆ గేము ఆడిండ్రు.

ఒక వానకాలం పడవ గేమొకటి చెప్పిన. ఊరంత నీళ్లల మునిగి ఉంటది. మిద్దెల మీద చిక్కుకున్నోళ్లను ఒక్కొక్కల్నే పడవల ఎక్కించుకొని గడ్డకు చేర్చాలె. ఒక్క ఆమె ఒంటరిగ కూసోని చేసిన గేమది. అక్క ఆడి బాగున్నదన్నది, నేను చెప్పిన. విన్నోళ్లందరు ఒక్కటే రాసిండ్రు, కుక్క గురించి. స్క్రీన్‌కు ఎడమ అంచుల ఒక తెల్లకుక్క పడవ ఎంబడి ఈదుకుంట వస్తది. మనం చెయ్యి చాపి ఎక్కించుకోకపోతె కొంచెంసేపటికి కనవడకుండ పోతది.

ఆ ఆదివారం అక్కను అడిగిన. “కుక్కను ఎక్కించుకున్నవా అక్కా?”

“ఏ కుక్క?”

“అదే, ఎడమ దిక్కు ఈదుకుంట వస్తది గద.”

“నా దాంట్ల కుక్క లేదు ర.”

నేను లాప్‌టాప్ తెరిచి చూపించిన. కుక్క ఉన్నది. “అగో” అని వేలు పెట్టిన. అక్క మెడంత తిప్పి నా వేలు దిక్కు చూసింది. అప్పుడు కనవడ్డది. బావ గడపల నిలవడి చూస్తుండు. “స్కూటీ నడుపుడు కూడ అందుకే బందు చేసిందనుకుంట. అడిగితె నడుములు నొస్తున్నయన్నది” అన్నడు మెల్లగ.

పట్నంల కండ్ల దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ చుక్కల మందు పోసి, లైటు కొట్టి చూసి, “మీ అమ్మానాన్నది మేనరికమా?” అని అడిగింది. అవునన్నం. కంటి వెనక పొర ఎండుకుంట వస్తున్నదంట. అంచుల నుంచి మొదలై నడుమకు వస్తదంట. ఎంత తొందరగ వస్తదో చెప్పలేమన్నది, ప్రస్తుతానికి మందు లేదన్నది. నా కండ్లు కూడ చూస్తనన్నది, చూసింది.

బయట కుర్చీలల్ల అక్క నల్లద్దాలు పెట్టుకొని కూసున్నది. “నీకెట్లున్నయి ర?” అన్నది నేను రాంగనే.

“నాకేం లేదంట.”

“మంచిదాయె” అన్నది. మనసారనే అన్నది. నేను మాత్రం ఆమె మొకం చూడలేక మందుల చీటీ మడతలు పెట్టుకుంట నిలవడ్డ. అమ్మకు ఫోన్ చేసి చెప్పినం. డాక్టరమ్మ మేనరికం గురించి అడిగిందని కూడ చెప్పినం. టీవీ చప్పుడు నడుమల, “మా పెండ్లి మా పెద్దలు చేసిండ్రు బిడ్డా, మాకేం తెలుసు” అన్నది.

ఆ దసరా సెలవులు అయిపోయినంక బడిల ఒక పిల్ల పెన్సిలు తీసుకుందామని కింద కూసుంటె, అక్క చూడక చెయ్యి మీద కాలేసింది. పిల్లకు దెబ్బ పెద్దగ తాకలే. ఆ పిల్ల అమ్మ కూడ ఏమనలే. అక్కనే మరునాడు బడికి పోయి, ఇంక రానని చెప్పొచ్చింది.

నేను అప్పటికే గేములు మార్చిన. అక్షరాలు పెద్దగ ఉన్నయి, అంతా స్క్రీన్ నడుమనే జరిగేటియి, నిదానంగ నడిచేటియి చూసి ఏరుకుంటున్న. “అన్నా, ఈ మధ్య అన్ని ఒక్క తీరుగనే చెప్తున్నవేంది?” అని వినేటోళ్లు రాసిండ్రు. కొందరు వినుడు బందు చేసిండ్రు. అక్కకు అందరికన్న ముందే అర్థమయింది.

“నా కోసమని ఏరుతున్నవా?”

“లేదక్కా, బాగుంటెనే చెప్పిన.”

“బాగలేదు. పోయినవారంది అస్సలు బాగలేదు. నువ్వు ఉత్తగనే మెచ్చుకున్నవ్. నిన్ను నమ్మి ఆడేటోళ్లకేం చెప్తవ్?”

తర్వాత నేను ఇంకో పనిచేసిన. బొమ్మలే లేని గేమొకటి తీస్కపోయిన. స్క్రీనంత నల్లగ ఉంటది, ఇయర్‌ఫోన్లు చెవులల్ల పెట్టుకొని చప్పుళ్ల మీదనే ఆడాలె. అడవిల ఏరు చప్పుడు పట్టుకొని దారి ఎతుక్కునుడు. మంచి గేము, నిజంగనే మంచిది. అక్క కొంచెంసేపు ఆడింది. చెవులల్లకెల్లి తీసి నా ఒళ్లె పడేసింది.

“నాకింకా కనవడతనే ఉన్నది ర. ఉన్నన్ని దినాలన్న నన్ను చూడనియ్యి.”

బావ లేచి బయటికి పోయిండు. నేను అన్నం తినకుండనే బస్సెక్కిన. రోడ్డు వెడల్పు చేస్తుండ్రని తవ్విపెట్టిండ్రు, బస్సంత దుమ్ము. ఎవరన్న అడిగితె కండ్లల్ల దుమ్ము వడ్డదని చెప్దామనుకున్న. ఎవరడగలే.

కొన్ని నెలలు మా నడుమ గేముల మాట రాలే. ఆదివారాలు పోయేది, టమాట ధరలు, అమ్మ మోకాళ్ల నొప్పులు మాట్లాడుకునేది. ఒకనాడు అక్కనే అడిగింది. “ఈ వారం ఏంది?”

మంచుల నడిచే రైలు గురించిన గేము అది. “నువ్వు ఆడు, నాకు చెప్పుకుంట ఆడు” అన్నది. నేను కంట్రోలర్ పట్టుకున్న. “అద్భుతమైన మంచు లోయ అక్కా, చూస్తుంటె పానం లేచొచ్చినట్టున్నది...”

“ఆగు. శుక్రవారం చెప్పినట్టు చెప్పకు. ఏమున్నదో అది చెప్పు.”

మల్ల మొదలువెట్టిన. రైలున్నది. డబ్బాలు ఎర్రగున్నయి, ఒకదాని మీద రంగు పోయింది. కిటికీల ఒక ముసలామె టోపీ అల్లుతున్నది. బయట చెట్లు లేవు. అక్క కండ్లు మూసుకొని వింటున్నది. “ముసలామె మొకం?” అన్నది. “పక్కకు తిరిగున్నది, కనవడతలేదు” అన్న. “మంచిగున్నది” అన్నది. జరసేపటికి, “చాలు ర, తల నొస్తున్నది” అని లోపలికి పోయింది, గోడకు చెయ్యి ఆనిచ్చుకుంట.

ఆ తర్వాత ఇంకొన్నిసార్లు అట్లనే ఆడినం. ఎక్కువసార్లు కాదు. వినుడు కూడ అలసటనే అంటది. పోయినేడు ఎంత మేర కనవడుతదని అడిగితె తలుపంత అనేది, ఇప్పుడు చాటంత అంటున్నది. ఆ చాటల నన్ను పెట్టుకొని చూస్తది, మాట్లాడేటప్పుడు. నేను కదలకుండ కూసుంట.

శుక్రవారాలు ఆగలే. వినేటోళ్లల్ల కొందరు తిరిగొచ్చిండ్రు, ఎందుకో తెల్వదు. నేను చెప్పే తీరు మాత్రం మారింది, పొగడ్తలు తక్కువైనయి. ముందుగాల ఆడి చెప్పేటోళ్లు ఎవరు లేరు. నేనే ఆడుకుంటున్న, బాగున్నదో లేదో నన్ను నేనే అడుక్కుంటున్న. కొన్ని వారాలు ఎటూ తేలదు.