పాలు పోయని పంచదార చిలకలు

మొన్న ఆదివారం భవానీపురంలో మా బంధువుల పెళ్ళి భోజనాల్లో, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు వడ్డించే పెద్దమనిషిని విస్తరి ముందు నిలబెట్టి చేసిన విచారణ మీరు చూసి ఉండాల్సింది. వంకాయ కూర నూనెతో చేశారా నెయ్యితో చేశారా, పులావులో పెరుగు కలిపారా, ఈ స్వీటులో కోవా ఉందా అని వరసగా అడుగుతుంటే ఆయన బిక్కమొహం వేశాడు.

"నాకు తెలీదమ్మా, నేను వడ్డించేవాణ్ణే."

"అయితే వండినవాళ్ళని పిలవండి."

వంటమేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, సాక్ష్యం చెప్పాడు, బతికి బయటపడ్డాడు. ఆఖర్న పెరుగు బకెట్ రాగానే మా పిల్ల విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ" అంది. నా పక్కన కూర్చున్నాయన మెల్లగా నావైపు ఒరిగి, "మనవరాలికి నోరెక్కువేనండీ" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రావాలి. నాకేమో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ కొరికినట్టు నటించి కాసిని మంచినీళ్ళు తాగాను.

నేను చదువుకున్నవాణ్ణి కాను. అయిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ కుదరక, బడి మానేసి గవర్నర్‌పేటలో మా నాన్న మిఠాయి దుకాణంలో పాకం మూకుడు ముందు కూర్చున్నాను. అందుకని నాకు తెలిసిన లోకమంతా పాలూ, నెయ్యీ, పంచదారే. మన వైపు పసిపిల్లల ముచ్చట్లన్నీ మిఠాయిలతోనే జరుగుతాయని మన వయసు వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు. ఈ ఆచారం పెట్టినవాడు ఎవరో గానీ తప్పకుండా మా వృత్తివాడే అయ్యుంటాడని నేను దుకాణంలో అందరితో అనేవాణ్ణి. మా అమ్మాయికి నెల తప్పిందని తెలిసిన రోజే నువ్వులు బాగుచేయించి పెట్టుకున్న ఆత్రగాణ్ణి మరి.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల, తల్లిపాలు తాగిందల్లా కక్కడం మొదలుపెట్టింది. ఒళ్ళు పసుపు ముద్దలా పచ్చబడింది. పురిట్లో కామెర్లు మామూలేనని పెద్దవాళ్ళంతా ధైర్యం చెప్పారు గానీ, పిల్ల రోజురోజుకీ వడిలిపోతుంటే ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడి పిల్లల డాక్టరు గారు నెత్తురు తీయించి హైదరాబాదు పంపి, రిపోర్టు వచ్చేలోగానే పాలు మొత్తం ఆపించేశారు. జబ్బు పేరు గెలాక్టోసీమియా. ఆ పేరుకి నా నోరు తిరగడానికే చాలా రోజులు పట్టింది. పాలలో ఉండే ఒకరకం తీపిని ఆ పిల్ల ఒళ్ళు అరిగించుకోలేదట, అది లోపలే పేరుకుని విషమవుతుందట. గేదెపాలు, ఆవుపాలు, పెరుగు, వెన్న, నెయ్యి, కోవా, ఆఖరికి కన్నతల్లి పాలు కూడా పనికిరావట. ఇక సోయా పొడి కలిపి పట్టడమే. తీపి అమ్ముకుని బతికే ఇంటికి దేవుడు చేసిన వేళాకోళం చూశారా, వేళాకోళాల్లో నాకంటే ఘనుడు.

మా అమ్మాయి చీర కొంగు పాలతో తడుస్తుంటే, ఒళ్ళో ఏడుస్తున్న బిడ్డకి పాలు ఇవ్వకుండా డబ్బా మూత తీసి గరిటెతో పొడి కొలుస్తూ కూర్చున్న దృశ్యం మాత్రం నేను ఏ హాస్యంతోనూ దాటలేను. దాటకుండానే వదిలేస్తాను.

పాలు ఆపాక పిల్ల తేరుకుంది. అయితే డాక్టరు గారు ఇంకో మాట అన్నారు. మొదటి రోజుల్లో ఆ తీపి మెదడుకి ఏం చేసి ఉంటుందో ఇప్పుడే చెప్పలేమని, మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, ముఖ్యంగా మాటలు, నెలనెలా చూసుకుంటూ పోవాలని. ఆ రోజు నుంచి మా ఇంట్లో ముచ్చట్లు పోయి పరీక్షలు వచ్చాయి. పిల్ల నవ్వింది, నువ్వుండలు పంచాను. మెడ నిలిపింది. కానీ వీధిలో అదే నెలలో పుట్టిన పిల్లలంతా బోర్లా పడి, వాళ్ళ బొబ్బట్లు మేం తినేసినా, మాది మాత్రం వెల్లకిలా పడుకుని ఫ్యానుకేసి చూస్తుండేది. ఎదురింటావిడ గేటు దగ్గర కనిపించినప్పుడల్లా "బొబ్బట్లు ఎప్పుడండీ?" అనేది. ఆవిడకేం తెలుసు పాపం. శనగపప్పు నానుతోందండీ అని నవ్వి లోపలికి వచ్చేవాణ్ణి. వంటింట్లో మా ఆవిడ ఆ మాట విని మొహం అటు తిప్పుకునేది.

బోర్లా పడింది, ఆలస్యంగానైనా. ఆ రోజు బొబ్బట్లకి నేను వాడిన నెయ్యి చూసి మా పనివాళ్ళు దుకాణం మూసేస్తున్నానేమోనని భయపడ్డారు. అన్నప్రాశనకి మా ఆవిడ కొబ్బరికాయ కొట్టి, పాలు పిండి, దాంతో పరమాన్నం వండితే, మైలవరం నుంచి వచ్చిన మా అక్కయ్య గిన్నెలోకి తొంగిచూసి, "ఇదేం పరమాన్నంరా, దేవుణ్ణే మోసం చేస్తున్నారా" అంది. మా అక్కయ్య ఇంట్లో గేదెలున్నాయి. పాలు పడని పిల్ల ఉంటుందంటే ఆవిడకి నీళ్ళు పడని చేప అన్నట్టే వినిపించేది. తర్వాత పాకుండలూ, అరిసెలూ వరసగానే వచ్చాయి. పిల్ల నడిచింది, పరిగెత్తింది, పిలిస్తే చూసేది, చెప్పింది చేసేది. మాటే లేదు. ఒక్క అక్షరం లేదు. రెండో పుట్టినరోజు కూడా దాటిపోయింది.

మా వంశంలో మాటలు రాకపోవడం ఎక్కడా లేదండీ, వచ్చినవి ఆగకపోవడమే మా జబ్బు. అలాంటిది, నేను దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుని కొనేవాళ్ళతో ఒక్క జోకు వేయకుండా పూటలు గడిపాను. చెక్క అచ్చులు, చిలకలవి, నాన్న నాటివి, అటక మీద నుంచి దింపి తుడవడం, మళ్ళీ పెట్టడం.

ఆ వేసవిలో మైలవరం వెళ్ళాం. మా అక్కయ్య పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళింది, మిగతావాళ్ళం అరుగు మీద కూర్చున్నాం. మంచినీళ్ళకని నేను చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి మా అక్కయ్య పిడకల సెగ మీద పాలు కాగే దాలి పక్కన పీట వేసుకుని, చూపుడువేలి కొసన ఇంత మీగడ తీసి, పిల్ల నోటిదాకా తీసుకెళ్ళింది. ప్రేమేనండీ, ద్వేషం కాదు. ఎండిపోతున్న పిల్లకి ఒక్క చుక్క పోస్తే బలమొస్తుందనే. జీవితమంతా ఆగని నా నోరు సరిగ్గా అప్పుడే పడిపోయింది. కేక రాలేదు. చెంబు మాత్రం చేతిలోంచి జారింది.

పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వద్దు."

స్పష్టంగా, ముత్యంలా. పుట్టినప్పటి నుంచి తన తల మీదుగా మేమంతా ఎవరెవరికో చెబుతూ వచ్చిన మాట అదే కదా. ప్రసాదం వద్దండీ, బిస్కెట్టు వద్దండీ, మీగడ వద్దండీ. అన్ని మాటల్లోకీ దాన్నే ఏరుకుంది.

అక్కయ్య వేలు గాలిలోనే నిలిచిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇది మాట్లాడిందిరా!" అని అరిచింది. చెంబు చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన మా అమ్మాయి తిట్టాలో నవ్వాలో తెలియక గుమ్మం పట్టుకుని నిలబడింది. అక్కయ్య కళ్ళు ఒత్తుకుంటూనే, "ఏదీ, మళ్ళీ అను తల్లీ" అని అదే వేలు మళ్ళీ చాపింది.

"అక్కయ్యా, ముందు ఆ చెయ్యి కడుక్కో" అన్నాను. నా మాట కూడా తిరిగొచ్చిందన్నమాట.

మర్నాడే ఇంటికి తిరిగొచ్చి చిలకలు పోశాను. పంచదార పాకంలో మురికి పైకి తేలడానికి మేం కాసిని పాలు పోస్తాం, అప్పుడే చిలక తెల్లగా మెరుస్తుంది. ఆ రోజు పోయలేదు. నెయ్యి తగలని కొత్త మూకుడు కొని, నిమ్మకాయ పిండి, గుడ్డలో వడకట్టి, మళ్ళీ వడకట్టి, నానబెట్టిన అచ్చుల్లో పోశాను. మా నాన్న చూస్తే తిట్టేవాడు, అంత మసగ్గా వచ్చాయి. నవ్వినప్పటి నుంచి తన పేరు మీద ఊరంతా తిన్న మిఠాయిల్లో మా పిల్ల తాను తిన్న మొదటిది ఆ మసక చిలకే. ముందు ముక్కు కొరికింది.

ఇప్పుడు పసిపిల్లలకి నెలనెలకీ కేకు పెట్టి ఫోటోలు తీస్తున్నారు, ముచ్చటగానే ఉంటున్నాయి. బజార్లో బాదం పాలూ, సోయా పాలూ డబ్బాల్లో దొరుకుతున్నాయి, మా పిల్లలాంటి పిల్లల్ని కన్న తల్లుల కష్టం కాస్త తగ్గింది, సంతోషమే. కానీ ఇప్పుడు మేముంటున్న అపార్టుమెంటులో ఏ పిల్ల ఎప్పుడు బోర్లా పడిందో పక్క తలుపుకి తెలియదు. ఎదురింటావిడ ప్రశ్న అప్పట్లో ముల్లులా గుచ్చుకునేది గానీ, ఒక పసిదాని కోసం గేటు దగ్గర ఆగి అడిగే మనిషి ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అచ్చులు అటక మీదే ఉన్నాయి, అడిగేవాళ్ళు లేరు.

పెళ్ళిలో ఆ పక్కాయనకి నేను జవాబు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి, ఆయనేమో అప్పటికే పెరుగన్నంలోకి వచ్చేశాడు.