రెండో వాల్వు మీద ఆడిన బేరం

చెవులు పోయినా మా నాన్న మామిడి వ్యాపారం ఆగలేదు. నూజివీడులో అప్పట్లో కాయ బేరం నోటితో జరిగేది కాదు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు గానీ తువ్వాలు కింద ఇచ్చిన వేలు వెనక్కి తీసుకోకూడదు. తీసుకున్నవాడితో మళ్ళీ ఎవరూ చెయ్యి కలిపేవాళ్ళు కాదు.

స్వతంత్రం వచ్చిన మరుసటి వేసవిలో నాన్నకి కావలసింది ధరలు కాదు, వార్తలు. మా అక్కని నైజాం సరిహద్దు అవతల పల్లెకి ఇచ్చాం. అక్కడ ఇళ్ళు తగలబడుతున్నాయని విస్సన్నపేట వైపు నుంచి వచ్చే బండ్లవాళ్ళు చెప్పేవాళ్ళు. అక్క ఉత్తరాలు ఆగిపోయాయి. మా కొట్లో, గాజు బుడ్డిలాంటి ఒక్క వాల్వుతో నడిచే రేడియో ఒకటుండేది. దానికి స్పీకరు లేదు, హెడ్‌ఫోను తగిలించుకుని వినాలి. సాయంత్రం మద్రాసు వార్తలు నేను విని, నాన్న చెవి దగ్గర నోరుపెట్టి అరిచి చెప్పేవాణ్ణి. గొడవలు సద్దుమణిగాయని చెప్పాను. అక్క ఉత్తరం రాసిందనీ చెప్పాను. మచ్చ కాయలు అడుగున వేసి మంచివి పైన పేర్చడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే.

నాన్న కొన్నాళ్ళు విని, "నేనే వింటాను. ఏదన్నా చెయ్యి," అన్నాడు.

బెజవాడలో మిలిటరీ పాతసామాను అమ్మే కొట్లో, మా పాత హెడ్‌ఫోను ఇచ్చి, పైన కాస్త వేసి, చెవులు రెండూ మూసుకునేంత బరువైన హెడ్‌ఫోను తెచ్చాను. గొప్ప బేరం ఆడానని దారంతా మురిసిపోయాను. మా ఊరి రేడియో మెకానిక్కు దాన్ని తిప్పి చూసి, రేడియోకీ దీనికీ మధ్య రెండు వాల్వుల పెట్టె కట్టాలన్నాడు. మొదటి వాల్వు వోల్టేజీ పెంచుతుందట, రెండోది కరెంటు ఇస్తుందట.

రెండోది వోల్టేజీ ఎంత పెంచుతుందని అడిగాను. పెంచదన్నాడు. అబద్ధం రాని మనిషి, కాస్త తగ్గిస్తుందని కూడా చెప్పాడు.

"తగ్గించే వాల్వుకి నేను డబ్బులివ్వాలా? నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా?"

"మీ ఇష్టమండీ. ఈ హెడ్‌ఫోను కరెంటు బాగా లాగుతుంది. తర్వాత నన్ననకండి."

సరుకు అంటగట్టేవాళ్ళందరూ అలాగే అంటారు. నేనూ అంటాను. ఒక్క వాల్వుతోనే కట్టించాను.

మొదటి సాయంత్రం నాన్న హెడ్‌ఫోను పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మధ్యమధ్య తల ఊపాడు. నా కడుపు చల్లబడింది, వెంటనే భయమూ వేసింది, ఏం విన్నాడో అని. ఆయన మంచినీళ్ళకి లేచినప్పుడు నా చెవికి పెట్టుకున్నాను. ఎక్కడో దోమ రొదలాంటి సన్నటి చప్పుడు. అంతే. మరి దేనికి తల ఊపాడు? నన్ను బాధపెట్టడం ఇష్టంలేకో, నా ముఖం ఎలా మారుతుందో చూద్దామనో. మూడు రోజులు అలాగే ఊపాడు. నాకూ వార్తలు వినిపించడం మానేశాయి గనక ఆ మూడు రోజులూ నేను చెప్పినదంతా సొంత కల్పనే.

నాలుగో రోజు మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకు అర్థమయ్యే భాషలోనే చెప్పాడు.

"వేలంపాటలో ఒకడు పెద్ద రేటు అరుస్తాడండీ. తీరా సరుకు ఎత్తమంటే వాడి దగ్గర ఒక్క బండి ఉండదు. మీరు కట్టించిన ఒక్క వాల్వు పెట్టె అదే. రెండోవాడు రేటు పెంచడు, పైగా ఓ అర్ధణా తగ్గించే చెబుతాడు. కానీ పది బండ్లు తోలుకొస్తాడు. ఆ హెడ్‌ఫోనులో మోగే రేకుని కదిపేది ఆ బండ్లండీ, అదే కరెంటు."

రెండో వాల్వుకి ఎంతంటే అంత ఇచ్చాను. నేను బేరమాడకపోయేసరికి ఆయనే కంగారుపడి కాస్త తగ్గించబోయాడు.

ఆ సాయంత్రం వార్తలు మొదలవగానే నాన్న వీపు నిటారైంది. ఈసారి తల ఊపలేదు. హెడ్‌ఫోను అంచుల్లోంచి నాకు కూడా ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. సరిహద్దు పల్లెలు, తగలబడ్డ ఇళ్ళు, చెట్లకింద గుడారాల్లో జనం. అయిపోయాక ఆయన నన్ను తిట్టలేదు. భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"అక్క ఉత్తరం వచ్చి ఎన్ని వారాలైంది?"

నోటితో అడిగినా జవాబు మాత్రం వేళ్ళలో కావాలన్నాడు. నా అయిదు వేళ్ళూ ఆయన చేతిలో పెట్టాను. వాటికి కలిపి మరో రెండు పెట్టాను, మొత్తం ఏడు.

ఆ రెండు వేళ్ళనీ చాలాసేపు వదల్లేదు. తర్వాత హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, "బండి కట్టించు," అన్నాడు.

సరిహద్దు దాటనివ్వరని, వయసు చూసుకోమని, కావాలంటే నేను వెళ్తానని ఏదేదో చెప్పాను. అవేవీ ఆయనకి వినపడలేదు. అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.