గుర్రం గాలి పడని పిల్ల

కుక్క పడదంటే నమ్ముతారు, పిల్లి పడదంటే ఊరుకుంటారు. గుర్రం పడదంటే మాత్రం గుణదలలో నవ్వనివాళ్లు లేరు. "రాజుల పిల్ల మరి, రథం కావాలేమో!" అని పంపు దగ్గర ఆడవాళ్లు మూతులు తిప్పేవారు. వాళ్లకేం, ఎన్నయినా అంటారు! కూతురి మొహం పూరీలా పొంగి, కళ్లు మూసుకుపోయి, ఊపిరందక గొంతులో పిల్లికూతలు పలకడం చూసింది అమలమ్మ. రెండోసారి అలా అయినప్పుడు పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సొచ్చింది.

ఆ పిల్ల పేరు జీవరత్నం. జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగి స్కూళ్లు మళ్లీ తెరిచిన ఏడాది మూడో తరగతిలో ఉంది. తండ్రి ఏసుపాదం ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనివాడు. తెల్లారి వెళితే దీపాలు పెట్టాకే రావడం. కాబట్టి పిల్ల కాపలా అంతా అమలమ్మదే. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతున్నా చెవి మాత్రం బడి వైపే ఉండేది. బెజవాడలో ఆ రోజుల్లో గుర్రం తిరగని రోడ్డేదండీ? స్టేషనుకి జట్కా, మార్కెట్టుకి జట్కా, బడికీ జట్కాయే. పొద్దున్నే పిల్లల్ని కుక్కుకుని వచ్చి గేటు ముందే ఆగేవి.

అమలమ్మ హెడ్మిస్ట్రెస్ కాళ్లావేళ్లా పడింది. గంట కొట్టాక వెనక గేటులోంచి పిల్లని పంపే ఏర్పాటు చేయించుకుంది. క్లాసు టీచరు రాజ్యలక్ష్మి మొదట నమ్మలేదు గానీ, నమ్మాక ఆవిడ పట్టింపు తల్లిని మించిపోయింది. జట్కాలో వచ్చే పిల్లలు కాళ్లూ చేతులూ కడుక్కుని అవతలి బెంచీల మీద కూచోవలసిందే. జట్కా తోలే సైదావలి కూడా మంచివాడు. అమలమ్మ అడగకుండానే బండిని కాలవ గట్టు దాకా తీసుకుపోయి నిలిపేవాడు.

అన్నీ చెప్పింది అమలమ్మ, ఒక్కటి తప్ప. పెద్దాసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు గారు మరీ మరీ చెప్పారు: "ధనుర్వాతానికి వేసే సీరం గుర్రం రక్తంలోంచి తీస్తారమ్మా. ఈ పిల్లకి అది చుక్క కూడా ఎక్కనివ్వకు. ప్రాణం మీదకొస్తుంది." ఆ మాట బడిలో చెప్పాలని ఆమెకి తట్టనే లేదు. కన్నవాళ్లు పక్కన లేకుండా పిల్లకి సూది ఎవరు వేయిస్తారు?

ఒక మధ్యాహ్నం బడి ఆయా ఆదెమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"అమలమ్మొదినా, కంగారుపడమాక. నీ కూతురి కాల్లో తుప్పుపట్టిన మేకు దిగింది. రాజ్యలక్ష్మి టీచరు గారు ఏలూరు రోడ్డు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఎదురుగా జట్కా ఉన్నా ఎక్కలేదు తల్లీ, రిక్షా కోసం పరిగెత్తారు. ఎంత జాగ్రత్తో ఆవిడకి! సూది వేయించి తెస్తామన్నారు."

మేకు గుచ్చుకుంటే సూది వేయించడం ఎవరైనా చేసే పనే. సొంత బిడ్డకైనా టీచరు అదే చేసేది. అమలమ్మకి మాత్రం పెద్దాసుపత్రి డాక్టరు మాట గుర్తొచ్చింది. చేతిలో కత్తెరతోనే వీధిలో పడింది. రిక్షా లేదు, బస్సు జాడ లేదు. కాలవ గట్టున సైదావలి బండి ఒక్కటే ఉంది.

"బాబాయ్, ఏలూరు రోడ్డుకి పోనీ! తొందరగా!"

"నువ్వెక్కితే ఎట్టా అమ్మాయ్? చీరంతా బొచ్చు అంటుకుంటది. పాపకి..."

"నా చీర తగలబడిపోనీ! నా బిడ్డకి గుర్రం మందు ఎక్కిస్తున్నారయ్యా!"

ఏనాడూ గుర్రాన్ని గట్టిగా అదిలించని మనిషి ఆ పూట కొరడా తీశాడు. ఎగిరే దుమ్మూ బొచ్చూ అమలమ్మ మొహం మీద, కొంగు మీద పడుతున్నాయి. "మరియమ్మ తల్లీ, సూది పడకుండా చూడు. నాకు నోరు పడిపోయిందా, ఆ ఒక్క మాట చెప్పడానికి!" అని తనని తానే తిట్టుకుంటూ కూచుంది. ప్రతి మలుపులోనూ పిల్ల పొంగిన మొహమే కనిపిస్తోంది.

బండి పూర్తిగా ఆగకముందే దూకింది. వరసలో కూచున్నవాళ్లని తోసుకుని లోపలికి పోయింది. బల్ల మీద జీవరత్నం, పక్కన టీచరు. కాంపౌండరు సిరంజి ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఆపండి! ఆ సూది వద్దు!"

"ఏంటమ్మా ఆ కేకలు?" అని డాక్టరు విసుక్కున్నాడు. "ముందు కాస్త టెస్టే కదా చేసేది."

"ఆ కాస్త కూడా వద్దు బాబూ! గుర్రం గాలికే ఊపిరాడని పిల్లండీ! ఆక్సిజన్ పెట్టారండీ దీనికి!"

డాక్టరు మొహం మారిపోయింది. సిరంజి తనే తీసుకుని ట్రేలో పడేశాడు. "ముందే చెప్పాలి కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. పుండు శుభ్రంగా కడిగించి, గుర్రంతో సంబంధం లేని వేరే మందు రాశాడు.

రాజ్యలక్ష్మి అమలమ్మ వైపు తిరిగింది. "జట్కా ఎక్కించకపోతే చాలనుకున్నానండీ..."

"మీరేం చేస్తారు టీచరు గారూ. చెప్పనిది నేను."

అప్పుడు పిల్ల "అమ్మా!" అని రెండు చేతులూ చాచింది. అమలమ్మ ఒక్క అంగలో వెళ్లబోయి, కొంగు మీద గోధుమరంగు వెంట్రుకలు చూసి ఆగిపోయింది. వెనక్కి నడిచి, గుమ్మం దాటి, మెట్ల కింద రోడ్డు మీద నిలబడింది.

"దాన్ని నా దగ్గరికి రానివ్వకండి. జట్కాలో వచ్చాను."

పిల్లకేం తెలుసు? "మేకు చూసుకోలేదమ్మా, ఇంకెప్పుడూ పరిగెత్తను," అని వెక్కివెక్కి ఏడ్చింది. టీచరు ఎత్తుకుని రిక్షా ఎక్కించింది. అమలమ్మ ఎడంగా వెనకాలే నడిచింది. టాపు దించిన రిక్షాలోంచి జీవరత్నం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

"అమ్మా, కోపమొచ్చిందా?"

"లేదే నా తల్లీ, లేదు!"

"అయితే దగ్గరికి రా."

అమలమ్మ కళ్లు తుడుచుకుందామని కొంగు పట్టుకుని, వదిలేసింది. రిక్షాని ఇంకొంచెం ముందుకు పోనిచ్చి, మళ్లీ నడిచింది.